నక్షత్రాల వెలుగును కొలిచిన వైను బప్పు

ఖగోళ శాస్త్రం వల్ల మనకేమి ప్రయోజనం? ఈ ప్రశ్న మన కళాశాల విద్యార్థుల నుండి తరచుగా వినవస్తూ ఉంటుంది. గూడూరు, ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాల నుండి వచ్చే విద్యార్థులలో అధికసంఖ్యాకులు రైతుల బిడ్డలు, నేతగాండ్ర బిడ్డలు, చిన్న వర్తకుల బిడ్డలు. మేఘాన్ని చూచి విత్తనం జల్లే నేల ఇది. ఇక్కడ ఆకాశం వైపు చూడనివారు లేరు. అయితే ఆ చూపు వాన కోసం. వానకు ఆవల ఉన్న ఆకాశాన్ని గురించి తెలుసుకోవటం తీరిక గలవారి వ్యవహారమనీ, అది ధనిక దేశాల విద్య అనీ మనలో ఒక అభిప్రాయం స్థిరపడిపోయింది. ఈ అభిప్రాయం ఎంతవరకు సరియైనదో నిర్ణయించుకొనటానికి ఒక మనిషి జీవితాన్ని పరిశీలించటం ఉత్తమమైన మార్గమని మేము భావిస్తున్నాము. ఆ మనిషి డాక్టర్ మనాలి కల్లాట్ వైను బప్పు. హైదరాబాదులో పెరిగి, నిజాం కళాశాలలో చదివి, ప్రపంచ ఖగోళ శాస్త్రజ్ఞుల సంఘానికి అధ్యక్షుడైన మహనీయుడు.

మేము బోధించేది తెలుగు భాషాసాహిత్యాలు. భౌతిక శాస్త్రంలో మాకు పట్టం లేదు. అయినప్పటికీ ఒక విషయాన్ని సామాన్యులకు అర్థమయ్యే మాటలలో చెప్పే ప్రయత్నం భాషను బోధించేవారి ధర్మాలలో ఒకటి గనుక ఈ వ్యాసానికి పూనుకొన్నాము.

హైదరాబాదులో ఒక వేధశాల

బప్పు గారి జీవితాన్ని చెప్పటానికి ముందు నిజామియా వేధశాలను గురించి నాలుగు మాటలు చెప్పుకోవాలి. హైదరాబాదు ప్రభువర్గంలోని నవాబ్ జఫర్ జంగ్ గారికి ఖగోళ విద్య మీద అపారమైన ఆసక్తి. ఆయన 1901లో ఇంగ్లండు నుండి 15 అంగుళాల దూరదర్శినిని తెప్పించి నగరంలోని తన ఆవరణలో నెలకొల్పారు. 1907లో ఆయన మరణించిన తరువాత ఆ వేధశాల నిజాం ప్రభుత్వం అధీనంలోకి వచ్చి, తరువాత బేగంపేటకు చేరినది. 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో అంతర్భాగమైనది.

ఆ రోజులలో ప్రపంచంలోని పలు వేధశాలలు కలిసి ఆకాశాన్ని ముక్కలు ముక్కలుగా పంచుకొని, ప్రతి నక్షత్రం ఉన్న చోటును ఛాయాచిత్రాల ద్వారా నిర్ణయించే బృహత్కార్యాన్ని తలపెట్టినవి. అందులో ఒక భాగం హైదరాబాదుకు దక్కింది. ఒక్కొక్క ఛాయాచిత్రఫలకం మీద వందలాది చుక్కలు. ప్రతి చుక్క స్థానాన్ని సూక్ష్మదర్శిని కింద కొలిచి అంకెలలో వ్రాయాలి. కొన్ని లక్షల నక్షత్రాలకు ఈ పని జరిగింది. దశాబ్దాల తరబడి సాగిన ఈ శ్రమకు టి.పి. భాస్కరశాస్త్రి గారు, వారి తరువాత ఎం. అక్బర్ అలీ గారు నాయకత్వం వహించారు. ఒకే గడపలో పంచాంగం తెలిసినవారి బిడ్డ, నెలవంకను చూచి పండుగ చేసుకొనేవారి బిడ్డ కలిసి ఒకే ఆకాశాన్ని కొలిచారన్న మాట. ఉర్దూ, తెలుగు రెండు భాషల విద్యార్థులు చదువుకొనే మనవంటి కళాశాలకు ఈ సంగతి ప్రత్యేకించి గుర్తుంచుకోదగినది.

ఆ వేధశాలలో పనిచేసిన ఉద్యోగులలో కేరళ ప్రాంతం నుండి వచ్చిన ఒక బప్పు గారు ఉండేవారు. వారి ఏకైక పుత్రుడే వైను బప్పు. 1927 ఆగస్టు 10వ తేదీన మద్రాసులో జన్మించిన ఆ బాలుడు తండ్రి వెంట వేధశాలకు వెళ్ళి, దూరదర్శినుల నడుమ పెరిగాడు. ఇతర పిల్లలు వీధిలో గోలీలాడే వయస్సులో అతనికి నక్షత్రాల పేర్లు పట్టుబడ్డాయి. ఇది అదృష్టమే. కాని అదృష్టం అంతవరకే. నిజాం కళాశాలలో చదువుకొంటున్న కాలంలోనే కాంతి హెచ్చుతగ్గులయ్యే నక్షత్రాలను స్వయంగా పరిశీలించి శాస్త్రపత్రికలకు వ్రాయటం అతని సొంత కృషి. కాంతి మారే ఇట్టి నక్షత్రాలను చంచల తారలు అనవచ్చును. వాటిని పరిశీలించటానికి పెద్ద ధనం అక్కరలేదు. చీకటి రాత్రి, నిలకడ గల కన్ను, ప్రతి రాత్రి తప్పక వ్రాసే పుస్తకం ఉంటే చాలును.

హార్వర్డ్‌లో ఒక తోకచుక్క

భౌతిక శాస్త్రంలో ఎం.ఎస్సీ. పూర్తిచేసిన పిదప హైదరాబాదు ప్రభుత్వం ఇచ్చిన విద్యార్థి వేతనంతో బప్పు 1949లో అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి వెళ్ళారు. అప్పుడు హార్వర్డ్ వేధశాలకు అధిపతి సుప్రసిద్ధుడైన హార్లో షేప్లీ. చేరిన కొద్ది నెలలకే, ఆ సంవత్సరం జూలై 2వ తేదీ రాత్రి తీసిన ఒక ఛాయాచిత్రాన్ని పరిశీలిస్తుండగా ఇదివరకు ఎవరికీ తెలియని ఒక తోకచుక్క ఆయన కంటబడింది. ఆచార్యుడు బార్ట్ బాక్, సహవిద్యార్థి గోర్డన్ న్యూకర్క్ గార్ల తోడ్పాటుతో దాని గమనాన్ని నిర్ధారించారు. శాస్త్ర సంప్రదాయం ప్రకారం ఆ తోకచుక్కకు బప్పు–బాక్–న్యూకర్క్ అని ముగ్గురి పేర్లూ ఏర్పడినవి. తోకచుక్కను కనుగొన్నవారికి పసిఫిక్ ఖగోళ సంఘంవారు ఆ రోజులలో ఇచ్చే డానహో పతకం ఆయనకు లభించింది. అప్పటికి ఆయన వయస్సు ఇరువది రెండేండ్లు.

తోకచుక్క పేరు తెచ్చిపెడుతుంది. కాని శాస్త్రజ్ఞుడిగా బప్పు గారి స్థానం నిలిచింది దానివల్ల కాదు. 1952లో డాక్టరేటు పొందిన పిదప కార్నెగీ సంస్థ వేతనంతో ఆయన కాలిఫోర్నియాలోని మౌంట్ విల్సన్, పాలొమార్ వేధశాలలకు వెళ్ళారు. అక్కడ ఓలిన్ విల్సన్ అనే శాస్త్రజ్ఞునితో కలిసి చేసిన పరిశోధన 1957లో ప్రకటితమైనది. అదే నేటికీ ఖగోళ శాస్త్ర గ్రంథాలలో విల్సన్–బప్పు ఫలితం అని పేర్కొనబడుతున్నది. దానిని కొంచెం నిదానంగా తెలుసుకొందాము.

గీత వెడల్పు చెప్పిన రహస్యం

రాత్రివేళ దూరాన ఒక దీపం కనబడిందనుకొందాము. అది దగ్గరగా ఉన్న చిన్న ప్రమిదయా, లేక దూరాన వెలుగుతున్న పెద్ద పెట్రోమాక్సు దీపమా? కంటికి కనిపించే వెలుగును బట్టి చెప్పలేము. నక్షత్రాల విషయంలోనూ ఇదే చిక్కు. ఒక నక్షత్రం నిజంగా ఎంత కాంతిమంతమో తెలిస్తే, అది మనకు ఎంత మసకగా కనిపిస్తున్నదో చూచి, దాని దూరాన్ని లెక్కకట్టవచ్చును. దూరం రెండింతలైతే వెలుగు నాలుగో వంతుకు తగ్గుతుందనీ, మూడింతలైతే తొమ్మిదో వంతుకు తగ్గుతుందనీ భౌతిక శాస్త్రం చెబుతుంది. కాని నిజమైన కాంతిని తెలుసుకొనేదెట్లా?

ఇక్కడ గాజుపట్టకం మనకు తోడ్పడుతుంది. నక్షత్రకాంతిని దాని గుండా పంపితే అది ఇంద్రధనుస్సు రంగులుగా విడిపోతుంది. ఆ రంగుల పట్టీకి అడ్డంగా సన్నని నల్లగీతలు కనిపిస్తాయి. ఎమ్మిగనూరు మగ్గం మీద నేసిన చీరలో రంగుల నడుమ నల్లనూలు పోగులు వచ్చినట్లు ఉంటుందని ఊహించుకొంటే సరిపోతుంది. చేయి తిరిగిన నేతగాడు పోగును చూచి ఏ నూలో, ఏ అద్దకమో చెప్పగలిగినట్లే, శాస్త్రజ్ఞులు ఆ గీతలను చూచి నక్షత్రంలో ఏయే మూలకాలున్నవో చెప్పగలరు. ఊదారంగు భాగంలో కాల్షియం మూలకం వల్ల ఏర్పడే రెండు వెడల్పాటి నల్లగీతలున్నవి. వాటిలో ఒకదానికి 'కె' గీత అని పేరు. మన సూర్యుని వంటి నక్షత్రాలలోను, సూర్యునికంటె చల్లనైన నక్షత్రాలలోను ఈ నల్లగీత నడిమధ్య ఒక సన్నని వెలుగుగీత ఉంటుంది. నక్షత్రపు ఉపరితలానికి పైన ఉండే పలుచని వాయుపొర నుండి వచ్చే వెలుగు అది.

విల్సన్, బప్పు గార్లు ఎన్నో నక్షత్రాలలో ఈ వెలుగుగీత వెడల్పును కొలిచారు. ఫలితం వారినే ఆశ్చర్యపరచగలిగినంత సరళంగా ఉన్నది. గీత ఎంత ప్రకాశంగా ఉన్నదన్న దానితో నిమిత్తం లేదు. నక్షత్రపు ఉష్ణోగ్రతతో దాదాపు నిమిత్తం లేదు. గీత వెడల్పు హెచ్చిన కొద్దీ నక్షత్రపు నిజమైన కాంతి హెచ్చుతున్నది. అదీ ఒక నియమం ప్రకారం. ఇంచుమించుగా వెడల్పును ఆరుసార్లు గుణిస్తే వచ్చే నిష్పత్తిలో కాంతి పెరుగుతున్నది. మరుగుజ్జు నక్షత్రాల మొదలు మహాకాయం గల నక్షత్రాల వరకు ఇదే నియమం.

ఒక ఉదాహరణ చూద్దాము. రెండు నక్షత్రాలు మన కంటికి సమానమైన వెలుగుతో కనిపిస్తున్నవి. ఒకదాని వెలుగుగీత కంటె రెండవదాని గీత రెండింతలు వెడల్పు. రెండును ఆరుసార్లు గుణిస్తే అరువది నాలుగు. అనగా రెండవ నక్షత్రం నిజానికి 64 రెట్లు కాంతిమంతమైనది. అయినా మనకు సమానంగానే కనిపిస్తున్నదంటే అది ఎనిమిది రెట్లు దూరాన ఉన్నదన్నమాట. ఎనిమిదిని ఎనిమిదితో గుణిస్తే అరువది నాలుగు గదా! కొలబద్ద పట్టలేని దూరాన్ని ఒక గీత వెడల్పుతో కొలిచారు. ఆదోని పాఠశాలలో ఎనిమిదో తరగతి చదివే బాలుడు కూడా ఈ లెక్కను చేయగలడు. లోతైన శాస్త్రానికీ సులువైన లెక్కకూ మధ్య అడ్డుగోడ లేదని చెప్పటానికి ఇంతకంటె మంచి నిదర్శనం మాకు కనబడలేదు.

తిరిగి వచ్చినవాడు

ప్రపంచంలోకెల్లా పెద్దదైన దూరదర్శిని దగ్గర పనిచేసే అవకాశం పొందిన యువకుడు అక్కడే ఉండిపోతే తప్పుపట్టేవారు లేరు. బప్పు గారు 1953లో స్వదేశానికి తిరిగి వచ్చారు. ఇక్కడ ఆయనకు ఎదురైన పరిస్థితి ఏమి? కొత్తగా స్వతంత్రమైన దేశం. ఆధునిక ఖగోళ పరిశోధనకు తగిన పెద్ద దూరదర్శిని లేదు. శిక్షణ పొందిన మనుషులు స్వల్పం. పరికరాలు విదేశాల నుండి రావలసిందే.

1954లో ఉత్తర ప్రదేశ్ ప్రభుత్వం వారణాసిలో ప్రారంభించిన వేధశాలకు ఆయన ప్రధాన ఖగోళ శాస్త్రజ్ఞులుగా చేరారు. నగరపు దుమ్ము, పొగ మధ్య నక్షత్ర పరిశీలన సాగదని గ్రహించి దానిని హిమాలయ పాదభూములలోని నైనితాల్‌కు తరలించటానికి కారకులైనారు. 1960లో, ముప్పది మూడేండ్లు నిండక పూర్వమే, కోడైకనాల్ వేధశాలకు డైరెక్టరైనారు. 1899లో ఏర్పడిన ఆ వేధశాల సూర్యుని పరిశోధనకు పేరు పొందినది. సూర్యుని మచ్చలలో వాయువులు వెలుపలికి ప్రవహించటాన్ని ఎవర్‌షెడ్ 1909లో కనుగొన్నది అక్కడే. కాని నక్షత్రాల పరిశోధనకు అక్కడి మబ్బులు అనుకూలించవు.

అందుచేత బప్పు గారు కొత్త చోటు కోసం వెదకసాగారు. ఆయనకు కావలసినవి మూడు. మొదటిది చీకటి. రెండవది మబ్బులు తక్కువగా ఉండే రాత్రులు. మూడవది భూమధ్యరేఖకు వీలైనంత దగ్గరితనం. ఎందుకనగా దక్షిణానికి పోయిన కొద్దీ దక్షిణాకాశపు నక్షత్రాలు ఎక్కువగా కనిపిస్తాయి. తమిళనాడులోని జవ్వాది కొండలలో, అడవి నడుమ, కావలూరు అనే పల్లె దగ్గర ఆయనకు ఆ చోటు దొరికింది. 1960ల చివరిలో సంస్థ కార్ఖానాలో తయారైన 38 సెంటీమీటర్ల దూరదర్శినితో అక్కడ పని ఆరంభమైనది. 1972లో జర్మనీ నుండి వచ్చిన ఒక మీటరు దూరదర్శిని నెలకొన్నది.

ఆ చిన్న పల్లె ఎంత పని చేసినదో చూడండి. 1972 జూన్ 7న బృహస్పతి ఉపగ్రహమైన గానిమీడ్ ఒక నక్షత్రానికి అడ్డువచ్చింది. నక్షత్రం కనుమరుగైన తీరును కొలిచి, ఆ ఉపగ్రహానికి పలుచని వాతావరణం ఉండవచ్చునన్న జాడను పట్టారు. 1977 మార్చి 10న యురేనస్ గ్రహం ఒక నక్షత్రానికి అడ్డురాబోతుండగా, గ్రహం ఇంకా చేరకముందే నక్షత్రకాంతి ఒక్క క్షణం తగ్గి మళ్ళీ వచ్చింది. కావలూరులో ఈ తగ్గుదలను స్పష్టంగా నమోదు చేశారు. అదే రాత్రి విమానంలో నుండి పరిశీలించిన అమెరికా బృందంవారు, మరికొన్ని చోట్లవారు కూడా ఇట్టి తగ్గుదలలనే చూచారు. అన్నిటినీ కలిపి చూడగా శనికి వలెనే యురేనస్‌కూ వలయాలున్నవని తేలింది. వలయాన్ని చూడకుండానే, నక్షత్రం మినుకుమన్న తీరును బట్టి తెలుసుకొన్న సత్యమిది.

మన చేతులతో ఒక కన్ను

1971లో కోడైకనాల్ వేధశాల స్వయంప్రతిపత్తి గల భారతీయ ఖగోళ భౌతిక సంస్థగా రూపొందింది. దాని ముఖ్యస్థానం తరువాత బెంగుళూరుకు మారింది. డైరెక్టరుగా బప్పు గారి కోరిక ఒక్కటే. పెద్ద దూరదర్శినిని భారతదేశంలోనే, భారతీయుల చేతనే చేయించాలి. 234 సెంటీమీటర్ల వ్యాసం గల దర్పణానికి గాజుదిమ్మె విదేశం నుండి వచ్చినా, దానిని చెక్కటం, మెరుగుపెట్టటం బెంగుళూరులో జరిగింది. దానిని మోసి, తిప్పే భారీ యంత్రభాగాన్ని వాల్‌చంద్‌నగర్ కర్మాగారంలో చేశారు.

కొనుక్కొంటే త్వరగా వచ్చును గదా, ఇంత శ్రమ ఎందుకని అడగవచ్చును. కొన్న యంత్రం చెడితే అమ్మినవాని ముఖం చూడాలి. చేసుకొన్న యంత్రం చెడితే చేసిన చేయి ఇక్కడే ఉంటుంది. మగ్గం చేసే వడ్రంగి ఊళ్ళో ఉన్నప్పుడు నేతగానికి ఉండే నిబ్బరమే దేశానికీ ఉంటుంది. పైగా ఒక దూరదర్శినిని చేసే క్రమంలో దర్పణం మెరుగుపెట్టేవారు, ఎలెక్ట్రానిక్ పరికరాలు కూర్చేవారు, లోహపు పనివారు తయారవుతారు. బప్పు గారు చేసినది యంత్రనిర్మాణం మాత్రమే కాదు. మనుషులను తయారుచేసే విద్య అది.

దీనికి మూల్యం లేకపోలేదు. ఫైళ్ళు, టెండర్లు, రోడ్లు, నీటి ఏర్పాట్లు, విద్యుత్తు. ఒక గొప్ప పరిశోధకుడు తన స్వంత పరిశోధనకు దక్కవలసిన ఎన్నో ఏండ్లను వీటికి ధారపోశాడు. అది నష్టమా? ఆయన ఒక్కరి దృష్టితో చూస్తే నష్టమే అనవచ్చును. కాని ఆయన నాటిన చోట్ల పరిశోధించిన తరువాతి తరాలవారి పనిని లెక్కలోకి తీసుకొంటే తీర్పు మారుతుంది. బావి తవ్వేవాడు తన దాహం కొరకే తవ్వడు.

1979లో బప్పు గారు అంతర్జాతీయ ఖగోళ శాస్త్ర సంఘానికి అధ్యక్షులుగా ఎన్నికైనారు. ఆ పదవి పొందిన మొదటి భారతీయుడు ఆయనే. 1981లో భారత ప్రభుత్వం పద్మభూషణ్‌తో సత్కరించింది. 1982 ఆగస్టులో గ్రీసు దేశంలోని పాత్రాస్‌లో జరిగే ఆ సంఘపు మహాసభకు ఆయన అధ్యక్షత వహించవలసి ఉన్నది. కాని ఆగస్టు 19న జర్మనీలోని మ్యూనిక్‌లో ఆయన కన్నుమూశారు. యాభై అయిదేండ్లు నిండి తొమ్మిది రోజులైనది. తాను కలగన్న పెద్ద దూరదర్శిని గుండా ఆకాశాన్ని చూచే భాగ్యం ఆయనకు కలుగలేదు. 1986 జనవరి 6న ప్రధానమంత్రి రాజీవ్ గాంధీ ఆ దూరదర్శినిని జాతికి అంకితం చేసి, దానికీ కావలూరు వేధశాలకూ వైను బప్పు పేరు పెట్టారు. 2016లో నైనితాల్ సమీపాన దేవస్థల్‌లో 3.6 మీటర్ల దూరదర్శిని ఏర్పడే వరకు మన దేశంలో కంటికి కనిపించే కాంతిని పట్టే దూరదర్శినులలో ఇదే పెద్దది. ఆ దేవస్థల్ దూరదర్శిని కూడా బప్పు గారు తొలిరోజులలో నైనితాల్‌కు తరలించిన సంస్థకు చెందినదే కావటం గమనించదగినది.

ప్రజలకు చెప్పవలసిన పని

పరిశోధన ఫలాలు ప్రజలకు చేరకపోతే ఏమవుతుంది? దీనికి 1980 ఫిబ్రవరి 16 నాటి సంపూర్ణ సూర్యగ్రహణం ఒక పాఠం. 1898 తరువాత మన దేశంలో విస్తారంగా కనిపించిన సంపూర్ణ సూర్యగ్రహణం అదే. దాని మార్గం కర్ణాటక తీరాన మొదలై, మన పొరుగున ఉన్న రాయచూరు జిల్లా మీదుగా, తెలంగాణ మీదుగా సాగిపోయింది. బప్పు గారి సంస్థకు చెందిన శాస్త్రజ్ఞులు రాయచూరు జిల్లాలోని జవళగేరాలో విడిది చేశారు. అనగా తుంగభద్రకు ఆవలి ఒడ్డున, మన ఆదోనికి ఎంతో దూరం కాని చోట. హైదరాబాదు సమీపంలోని జపాల్–రంగాపూర్‌లో ఉస్మానియా విశ్వవిద్యాలయంవారి వేధశాల నుండి కూడా పరిశీలనలు జరిగినవి.

ఒకవైపు దేశదేశాల శాస్త్రజ్ఞులు రెండు మూడు నిమిషాల చీకటి కోసం సముద్రాలు దాటి వస్తే, మరొకవైపు మన నగరాలలో తలుపులు మూసుకొని కూర్చున్నారు. వీధులు నిర్మానుష్యమైనవి. జనం బయటికి రాకుండా ఉండేందుకు ఆ మధ్యాహ్నం దూరదర్శన్‌లో హిందీ చలనచిత్రాన్ని ప్రసారం చేశారు. కళ్ళు చెడతాయన్న భయం నిరాధారం కాదు. సూర్యుణ్ణి సూటిగా చూడటం ఎన్నడూ ప్రమాదమే. కాని భయం చెప్పినవారు ఉపాయం చెప్పలేదు. ఉపాయం ఎంత సులువైనది! ఒక అట్టముక్కకు సూదితో రంధ్రం చేసి, సూర్యునికి వీపు పెట్టి నిలిచి, ఆ రంధ్రం గుండా వచ్చే వెలుగును తెల్లకాగితం మీద పడనిస్తే గ్రహణం పట్టిన సూర్యబింబం కాగితం మీద కనిపిస్తుంది. అట్ట కూడా లేకపోతే వేపచెట్టు నీడలోకి వెళ్ళితే చాలును. ఆకుల సందుల గుండా పడిన ప్రతి వెలుగుచుక్క ఒక నెలవంక ఆకారం దాలుస్తుంది. ఈ ఒక్క మాటను పల్లెపల్లెకు చేర్చి ఉంటే ఆనాడు కోట్లమంది నిరపాయంగా ఆ దృశ్యాన్ని చూచి ఉండేవారు.

తెలుగులోను, ఉర్దూలోను ఈ పనికి సంప్రదాయం లేకపోలేదు. హైదరాబాదులో షంసుల్ ఉమరా ఫఖ్రుద్దీన్ ఖాన్ గారు పందొమ్మిదవ శతాబ్దపు పూర్వార్ధంలోనే ఐరోపా శాస్త్రగ్రంథాలను ఉర్దూలోనికి తెప్పించి 'సిత్తా ఎ షంసియా' పేర అచ్చువేయించారు. అందులో ఖగోళ శాస్త్రం ఒక భాగం. ఉస్మానియా విశ్వవిద్యాలయం శాస్త్రాలను ఉర్దూలో బోధించటానికి అనువాద శాఖనే నెలకొల్పింది. తెలుగులో వసంతరావు వెంకటరావు గారు, మహీధర నళినీమోహన్ గారు శాస్త్ర విషయాలను ఇంటి మాటలలో చెప్పారు. 1985లో హైదరాబాదులో బిర్లా నక్షత్రశాల ప్రారంభమైనది. 1972లో ఏర్పడిన భారత ఖగోళ శాస్త్ర సంఘానికి హైదరాబాదే నెలవు.

భాషల నడుమ ఆకాశం ఎంత సహజమైన వంతెనో చూడండి. మనం రోహిణి అనే నక్షత్రాన్ని ప్రపంచమంతా అల్దెబరాన్ అంటుంది. అది అరబ్బీ మాట. వెంట వచ్చేది అని అర్థం. కృత్తికల వెంట అది ఉదయిస్తుంది గనుక ఆ పేరు. మన శ్రవణం వారికి ఆల్తాయిర్, అనగా ఎగిరే పక్షి. తెలుగు తరగతి విద్యార్థి, ఉర్దూ తరగతి విద్యార్థి ఒకే మిద్దె మీద నిలిచి ఒకే చుక్కను రెండు పేర్లతో పిలుచుకొనవచ్చును.

మనమేమి చేయగలము?

కళాశాల పాలకవర్గంవారికి, విద్యార్థులకు కొన్ని మనవులు చేసి ముగిస్తాము.

మొదటిది, మన ప్రాంతానికి ఇప్పటికీ మిగిలి ఉన్న ఒక సంపదను గురించి. అది చీకటి. విద్యుద్దీపాల వెలుగు పెరిగిన నగరాలలో నక్షత్రాలు కనిపించటం లేదు. కావలూరుకు సైతం చుట్టుపట్ల ఊళ్ళ దీపాల బెడద తప్పలేదు. అందుచేతనే లడఖ్‌లోని హాన్లేలో, సముద్రమట్టానికి 4,500 మీటర్ల ఎత్తున దూరదర్శినిని నెలకొల్పి, 2022లో ఆ ప్రాంతాన్ని చీకటి ఆకాశపు రక్షితప్రాంతంగా ప్రకటించారు. గూడూరు చుట్టుపట్ల పల్లెల మిద్దెల మీద నుండి అమావాస్య రాత్రి పాలపుంత ఇంకా కనిపిస్తుంది. ఇది రేపు ఉంటుందో లేదో చెప్పలేము.

రెండవది, నెలకొక రాత్రి కళాశాల మిద్దె మీద ఆకాశ పరిశీలన ఏర్పాటు చేయవలెను. ఒక చిన్న దూరదర్శిని, లేదా మంచి బైనాక్యులర్ కొంటే బృహస్పతి ఉపగ్రహాలు నాలుగు స్పష్టంగా కనిపిస్తాయి. ప్రయోగశాలకు కొనే ఇతర పరికరాలతో పోలిస్తే దీని ఖర్చు పెద్దది కాదు.

మూడవది, పరికరమే లేకుండా చేయదగిన పని. డిసెంబరు, జనవరి నెలల సాయంకాలాలలో కృత్తికలకు ఉత్తరంగా, ఎత్తున అల్‌గోల్ అనే నక్షత్రం కనిపిస్తుంది. ఉర్దూ విద్యార్థులకు ఘూల్ అనగా ఏమిటో చెప్పనక్కరలేదు. పిశాచం అని ఆ పేరుకు అర్థం. అది కన్ను మూసినట్లు మసకబారుతూ ఉంటుంది. నిజానికి అది ఒకదాని చుట్టూ ఒకటి తిరిగే నక్షత్రాల జంట. మసక నక్షత్రం వెలుగు నక్షత్రానికి అడ్డువచ్చినప్పుడు కాంతి మూడో వంతుకు పడిపోతుంది. 2 రోజుల 20 గంటల 49 నిమిషాలకొకసారి ఇది జరుగుతుంది. పక్కనున్న నక్షత్రాలతో పోల్చి ప్రతి రాత్రి దాని వెలుగును నోటుపుస్తకంలో వ్రాసుకొంటే, ఒక శీతకాలం ముగిసేసరికి విద్యార్థి స్వయంగా ఆ గడువును లెక్కకట్టగలడు. నిజాం కళాశాల విద్యార్థిగా బప్పు గారు మొదలుపెట్టినది ఇట్టి పనితోనే.

నాలుగవది, గ్రహణాలను గురించి. 2027 ఆగస్టు 2 నాటి సూర్యగ్రహణం మన దేశంలో పలుచోట్ల సాయంకాలం పాక్షికంగా కనిపించేది. అట్టి ప్రతి సందర్భంలోను మన విద్యార్థులు అట్టముక్కలు, తెల్లకాగితాలు తీసుకొని తమ తమ ఊళ్ళలో పెద్దలకు, పిల్లలకు చూపించవలెను. ఆ రోజు ఆచరించవలసిన నియమాలు, చేసుకొనే ప్రార్థనలు ఎవరి విశ్వాసాన్ని బట్టి వారికి ఉంటాయి. వాటికీ కాగితం మీద పడిన సూర్యబింబాన్ని చూడటానికీ విరోధం లేదు.

ఖగోళ శాస్త్రం వల్ల ప్రయోజనమేమిటన్న ప్రశ్నకు బప్పు గారి జీవితంలో మాకు కనిపించే సమాధానం ఇది. ఒక గీత వెడల్పును ఓపికతో కొలిచినవానికి నక్షత్రపు దూరం తెలిసింది. అడవిలో చీకటిని వెదకినవానికి ఒక వేధశాల దొరికింది. గాజుదిమ్మెను ఏండ్ల తరబడి మెరుగుపెట్టినవారికి తమ చేతుల మీద నమ్మకం కుదిరింది. ఓపికగా కొలవటం, చూచినదానిని చూచినట్లు వ్రాయటం, వినికిడిని నమ్మక స్వయంగా పరీక్షించటం అనే అలవాట్లు పత్తి తూకం దగ్గరా, మందుల దుకాణం దగ్గరా, ఓటు పెట్టె దగ్గరా కూడా మనిషికి అక్కరకు వచ్చేవే. ఈ విద్యా సంవత్సరంలో కనీసం పదిమంది విద్యార్థులైనా అల్‌గోల్ నోటుపుస్తకాన్ని ప్రారంభించి, వచ్చే సంచికలో తమ లెక్కలను తామే ప్రకటించగలరని మేము ఆశిస్తున్నాము.